లోపల చిక్కిన బాణం

నోరు మెదపకూడదన్నది షరతు.
వెనక కుర్చీలో నేను, అరచేతులు తొడల కింద నొక్కిపెట్టి.
ముందు ఉర్వె గారు, అరవై మూడేళ్ళు,
తార్తూ శివార్లలో విత్తన కేంద్రం గుమాస్తా.
ఆవిడ బూట్ల మంచు కరిగి
పట్టా మీద చిన్న మడుగు కడుతోంది.

ఆవిడ అడిగేది పెద్ద విషయమేం కాదు.
ముప్ఫై ఏళ్ళ రై గింజల లెక్కలు,
ఏ సంచిలో నూటికెన్ని మొలిచాయో
ఒక పాత ప్రోగ్రాంలో ఉన్నాయి.
అది నడిచే పాత కంప్యూటర్
నవంబర్లో కాస్త పొగ వదిలి పోయింది.
కొత్తదాని కడుపులో ఆ పాతదాన్ని మళ్ళీ పుట్టించాలి.
"అంతేగా?" అంది.
"అంతే" అన్నాను.
ఆ తర్వాత నాకు మాట్లాడే హక్కు లేదు.

మొదటి పేజీ: హైపర్‌వైజర్ ఏది?
ఆవిడ తలుపు వైపు చూసింది,
ఎవరో పైఅధికారి రావాలేమో అన్నట్టు.
రెండో పేజీ: స్టోరేజ్ పూల్ ఎంచుకోండి.
మూడోది: నెట్‌వర్క్‌కి బ్రిడ్జి కావాలా?
"మడుగులూ వంతెనలూ..." గొణుక్కుంది,
"నేను గింజల కోసం కదా వచ్చింది."

ఇంకా నాలుగు పేజీలున్నాయి.
అన్నీ నేను రాసినవే, పదకొండేళ్ళ కింద,
నాలాంటివాడు వాడతాడనుకుని.
నాలాంటివాళ్ళు అసలు ఆ కిటికీ తెరవరు.
నల్ల తెర మీద ఒక్క వాక్యం కొట్టి
కాఫీకి లేచిపోతారు.

ఎర్ర అక్షరాలు వచ్చాయి:
డొమైన్ ప్రారంభం విఫలం. లోపం ముప్ఫై ఎనిమిది.
"క్షమించండి" అంది ఆవిడ.
నాతో కాదు.
యంత్రంతో.

పక్కన మాయ్‌రె పెన్సిల్ ఆగింది,
మళ్ళీ కదిలింది.

మూడోసారికి ఎలాగో పాత తెర వెలిగింది,
ఆ వెలిసిన నీలం, ఆ గళ్ళ అక్షరాలు.
ఆవిడ ముందుకు వంగి ఒక్క క్లిక్ చేసింది.
అంతే, బాణం గుర్తు లోపలే ఉండిపోయింది.
చెయ్యి బయట, బాణం లోపల.
మౌస్ ఎత్తి చూసింది, తిరగేసి చూసింది,
స్వెట్టరుకేసి తుడిచింది.
విడిపించే మీట పేరు
కిటికీ నుదుటి మీద, బూడిదరంగులో,
చీమ తల అంత అక్షరాల్లో ఉంది.
నాలుగు నిమిషాలు.
నా వేళ్ళు తిమ్మిరెక్కాయి.

ఎలా బయటపడిందో ఆవిడకీ తెలియదు.
పవర్ బొమ్మ దగ్గర వేలు ఆపింది.
"దీన్ని నొక్కితే ఏది ఆరిపోతుంది?
లోపలిదా, బయటిదా?
గింజలు ఉంటాయా?"

పదకొండేళ్ళలో ఈ ప్రశ్న నన్నెవరూ అడగలేదు.
తెలిసినవాళ్ళకి అక్కర్లేదు.
తెలియనివాళ్ళు
చప్పుడు చేయకుండా వెళ్ళిపోయి ఉంటారు.

ఆ రాత్రి నుంచి రాసినదానికన్నా కొట్టేసిందే ఎక్కువ.
ఏడు పేజీలు ఒకటయ్యాయి:
మీ పాత డిస్క్ ఎక్కడుంది?
మిగతాది యంత్రమే ఊహించుకోవాలి, తప్పితే తనే సర్దుకోవాలి.
వంతెనలన్నీ ఒక చిన్న తలుపు వెనక్కి నెట్టాను.
వాటికి అలవాటుపడ్డవాళ్ళు తిట్టారు, చాలా చక్కటి వ్యాకరణంతో.
పవర్ బొమ్మ కింద ఒక వాక్యం పెట్టాను:
లోపలిది మాత్రమే ఆగుతుంది, మీ కంప్యూటర్‌కి ఏమీ కాదు.
"ఏమీ కాదు" అన్నది సాంకేతిక పదం కాదని
మూడు రోజులు వాదన.
మాయ్‌రె తన పెన్సిల్ కాగితాలు బల్ల మీద పెట్టింది.
"క్షమించండి" చుట్టూ గీసిన గీత
కాగితం చిరిగేంత లోతుగా ఉంది.

మార్చిలో ఎమయోగి మీద మంచు పగిలిన వారం
ఉర్వె గారు మళ్ళీ వచ్చారు.
అదే కుర్చీ, అదే మౌనం నాకు.
కోటు విప్పకుండానే కూర్చుంది,
డిస్క్ చూపించింది, నీలం తెర వెలిగింది.
"తొంభై నాలుగు," అంది, "పదిహేడో సంచి,
నూటికి తొంభై ఒకటి!
ఆ ఏడు కోతల్లో వాన పడలేదు, తెలుసా,
లారీ తోలే వయ్‌నో ఎండకి సొమ్మసిల్లి
గింజల గుట్ట మీదే పడుకున్నాడు..."

ఇంకా చాలా చెప్పింది.
కిటికీ గురించి ఒక్క ముక్కా అనలేదు.